చుక్కలక్క పెళ్ళికొడుకు

మా అక్కకు ఓపిక లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది. బోలెడంత ఉంది. కాకపోతే ఉన్నదంతా తీసుకెళ్ళి ఉప్పునీటి చేపల దగ్గర పెట్టేసింది. మనుషుల దాకా వచ్చేసరికి అడుగంటిపోయి ఉంటుంది, అంతే.

మీరే చూడండి. రోడ్డు మీద ఎర్రలైటు పడితే ఆ లైటును నాలుగు తిట్టందే బండి కదపదు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుని, ఆ కోపం కప్పు మీద చూపిస్తుంది. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివర తనే పూర్తిచేస్తుంది, అదీ తప్పుగా. ఫోనులో అయితే మరీ ఘోరం. చెప్పాల్సింది గడగడా చెప్పేసి "ఉంటా" అని పెట్టేస్తుంది. "హలో" అనడానికి మనం తెరిచిన నోరు అలాగే తెరుచుకుని ఉంటుంది.

అలాంటి మనిషి ఒక టబ్బు పక్కన పీట వేసుకుని, సన్నటి గొట్టంలోంచి నీళ్ళు చుక్కా చుక్కా పడుతుంటే చూస్తూ పూటంతా కూర్చుంటుందంటే నమ్ముతారా? కళ్ళారా చూసేదాకా నేనూ నమ్మలేదు. అందుకే ఆ షాపులో తన పేరు చుక్కలక్క. పెట్టెలు తెచ్చే వ్యాను డ్రైవరు పెట్టాడు ఆ పేరు. "చేపలకి చుక్కలు వేస్తుంది, మాకు చుక్కలు చూపిస్తుంది" అని అతని బాధ. పాపం, ఒకసారి పెట్టెను తలకిందులుగా దించాడులెండి. ఆ రోజు తిన్న చీవాట్లు ఇంకా అరిగినట్టు లేవు, అక్కను చూస్తే ఇప్పటికీ పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుంటాడు.

అది పెంపుడు జంతువుల షాపు. ముందువైపు కుక్కల గొలుసులు, పిల్లుల తిండి, పంజరాల్లో వచ్చేపోయేవాళ్ళను ఎగతాళి చేసే చిలకలు. వాటన్నిటినీ దాటుకుని వెళ్తే వెనక పొడుగాటి గది. అది అక్క రాజ్యం. గోడ పొడవునా మూడు వరసల్లో గాజుతొట్లు, కింది వరస దాదాపు నేలకే ఆనుకుని ఉంటుంది. గాలి గొట్టాల బుడబుడ, మోటారు గుర్రు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, తలుపు బందుల మీద తెల్లగా పేరుకున్న ఉప్పు. ఆ గదిలోంచి వచ్చాక మన చేతిని మనమే నాకినా ఉప్పగానే ఉంటుంది.

ఆ పని ఏమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. సముద్రపు చేపను ఎక్కడో పట్టి, ప్లాస్టిక్ సంచిలో కాసిని నీళ్ళూ బోలెడు ఆక్సిజనూ నింపి, రబ్బరు బ్యాండు బిగించి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి విమానం ఎక్కిస్తారు. ఇక్కడికి చేరేసరికి దానికి పగలేదో రాత్రేదో తెలియదు. దాన్ని తెచ్చి ధబీమని మన తొట్టెలో వేశామనుకోండి, ఆ నీటి వేడి వేరు, ఉప్పు వేరు, గుండె ఆగి చస్తుంది. "నిన్ను మంచి నిద్రలో లేపి, మీద చన్నీళ్ళు కుమ్మరించి, మొహాన లైటు వేసి, చుట్టూ పదిమంది నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా ఉంటుందే?" అని అడిగింది అక్క. "అత్తారింట్లో మొదటిరోజులా ఉంటుంది" అన్నాను. "అదే మరి!" అంది.

అప్పట్నుంచో, అంతకుముందునుంచో గాని, కొత్తగా దిగిన ప్రతి చేపా అక్క భాషలో పెళ్ళికొడుకే. ఆడదైనా పెళ్ళికొడుకే. తొందరపెట్టకూడదు, తేరిపార చూడకూడదు, అడుగులకు మడుగులొత్తాలి. మొట్టమొదట ఆ గదిలో లైట్లు ఆర్పేస్తుంది. సంచిని విప్పకుండా తొట్టెలో తేలనిచ్చి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగుతుంది. ఆ తర్వాత విప్పి, చేపతో సహా ఆ నీళ్ళను టబ్బులోకి ఒంపుతుంది. తొట్టెలోంచి టబ్బులోకి సన్నటి గొట్టం, ఆ గొట్టానికి మధ్యలో ఒక ముడి. ముడి బిగిస్తే చుక్క నెమ్మదిస్తుంది, వదులు చేస్తే పరుగెడుతుంది. చుక్కచుక్కకూ కొత్త నీళ్ళు చేపకు అలవాటవుతాయి. నిదానంగా చేస్తే సరిపోతుంది కదా అంటారేమో, అక్కడే ఉంది తిరకాసు. ప్రయాణమంతా చేప విడిచిన మలినం ఆ పాత నీళ్ళలోనే ఉంటుంది. సంచి మూసి ఉన్నంతసేపూ ఎలాగో సర్దుకుంటుంది గాని, విప్పి గాలి తగిలిందంటే ఆ నీళ్ళే విషమవుతాయి. "సంచి విప్పేదాకా నిదానమే ప్రధానం, విప్పాక ఆలస్యం అమృతం విషం" అంటుంది అక్క. ఈ రెండు సామెతల మధ్య ముడి ఎంత బిగించాలో తెలియడమే ఆవిడ ఉద్యోగం.

ఇంట్లో మాత్రం చేప అన్న మాట వినపడకూడదు. ఇది అమ్మ పెట్టిన రూలు. అమ్మ లెక్కలో అక్క పెళ్ళి కాకుండా చేసింది చేపలే. అబద్ధమూ కాదు. ఎవరైనా అబ్బాయి చూడటానికి వచ్చి హాల్లో కూర్చుంటే సరిగ్గా అప్పుడే పెట్టె దిగిందని షాపు నుంచి ఫోనొచ్చేది. ఒక అబ్బాయి టీ తాగుతుండగానే అక్క వంటింటి తలుపులోంచి బకెట్టుతో సహా పారిపోయింది. అతను రెండో కప్పు కూడా తాగి, అమ్మాయి ఇంకా తయారవుతోందేమో అని మర్యాదగా ఎదురుచూశాడు. అమ్మ ఆ రోజు నుంచి ఆ షాపు ఉన్న వీధివైపు తల తిప్పి కూడా చూడలేదు. అక్కకు నలభై దాటినా ఆశ మాత్రం వదల్లేదు. కాబట్టి వెనక గదిలో రోజుకో పెళ్ళికొడుకు దిగుతున్న సంగతి అమ్మకు తెలిసే వీలే లేదు.

ఇక అసలు సంగతి. వరసగా రెండు పెట్టెలు చచ్చిన చేపలతో వచ్చాయి. విమానాలు ఆలస్యమైతే అక్క ఏం చేస్తుంది? కానీ షాపు ఓనరు జబ్బుమంచం మీంచి లేచొచ్చినవాడిలా నీరసంగా వచ్చి, "చుక్కలమ్మా, ఇక నావల్ల కాదమ్మా. ఆ గదిలో కుక్కబిస్కెట్లు పెట్టుకుంటే కనీసం అవి చావవు కదా" అన్నాడు.  బిస్కెట్ల ఏజెంటు అప్పుడే వచ్చి గది కొలతలు తీసుకుని వెళ్ళాడు. ఒక్క చేప మాత్రం దారిలో ఉంది. వీధి చివర పళ్ళ డాక్టరు ఏరికోరి తెప్పించుకుంటున్నది. "ఇది బతికితే గది నీది. ఇదీ పోయిందో, నువ్వు ముందుకొచ్చి గొలుసులు అమ్ముదువుగాని" అన్నాడు ఓనరు.

ఇదంతా అక్క మా ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పింది. నేను ఓదార్చబోయి ఏదో మొదలుపెట్టాను. అక్క మధ్యలో అందుకోలేదు. నా మాట చివరిదాకా నన్నే పూర్తిచేయనిచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అలా ఎప్పుడూ జరగలేదు. నాకు నిజంగా భయమేసింది.

చేప రావలసిన రోజు నేను అమ్మ దగ్గరే ఉన్నాను. తలంటుకుని స్నానాలగదిలో ఉండగా, భోజనాల బల్ల మీదున్న నా ఫోను మోగింది. అమ్మ ఎత్తింది. ఎత్తినావిడ "ఎవరూ" అనే లోపలే అవతల అక్క మొదలుపెట్టేసింది. ఆ మాటలు అమ్మకు ఎంత బాగా గుర్తున్నాయంటే ఇప్పటికీ అప్పజెబుతుంది.

"ఒసేయ్, విను. పెళ్ళికొడుకు వచ్చాడే! దారిలో ఎక్కడో ఆపేశారట, ఇప్పుడు తెచ్చి పడేశారు. పరిస్థితేం బాలేదు. పక్కకి ఒరిగిపోయి పడున్నాడు, కళ్ళు మాత్రం కదుపుతున్నాడు. చుక్క పడితే గాని లేచేలా లేడు, అదే పోస్తున్నా. కిటికీ తలుపు ఊడి చచ్చింది, వెలుతురు వాడి మొహాన పడుతోంది. ఇంట్లో పాత దుప్పట్లు రెండు పట్టుకురా, కప్పాలి. ఎవ్వరికీ చెప్పకు. జనాన్ని చూస్తే దడుసుకుంటాడు. ఓనరొచ్చేలోపు వీణ్ణి నిలబెట్టకపోతే నా బతుకు బస్టాండే. ఉంటా!"

అమ్మ ఫోను పట్టుకుని అలా కుర్చీలో కూలబడిందట. పక్కనే మా బాబాయి పేపరు చదువుతున్నాడు. బాబాయి రిటైరైన బస్సు కండక్టరు. బస్సు పోయినా గొంతు పోలేదు. ఆయన గుసగుసలాడితే పక్కింటివాళ్ళు సమాధానం చెబుతారు.

"ఏమయ్యా, పెద్దదానికి పెళ్ళికొడుకు దొరికాడయ్యా" అంది అమ్మ.

"ఎక్కడ దొరికాడు వదినా?"

"షాపులోనే పడున్నాడట. తాగున్నాడటయ్యా. చుక్క పడితే గాని లేవడట. ఇదే పోస్తోందట!"

బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "తాగితే తాగాడు వదినా. వచ్చాడు కదా!" అన్నాడు. ఈ మాట నాకు స్నానాలగదిలోకి కూడా వినబడింది. ఎవరి గురించో అనుకున్నాను.

నేను తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మ బీరువాలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది, మొహానికి పౌడరు రాసుకుంది. చేతిలో దుప్పట్లు. పాతవి కావు, చుట్టాలొస్తే వేయడానికని మడత విప్పకుండా దాచిన కొత్తవి. "అక్క దగ్గరికి, పద" అంది. బాబాయి డొక్కు కారులో కూర్చున్నాక గాని విషయం చెప్పలేదు. చెప్పగానే నాకు మొత్తం అర్థమైపోయింది. నవ్వు తన్నుకొచ్చింది.

"అమ్మా, ఆ పెళ్ళికొడుకు..." అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి. నీకు పెళ్ళయిపోయింది కాబట్టి అక్క పెళ్ళంటే వేళాకోళంగా ఉంది."

"అది కాదమ్మా, వాడు మనిషి కా..."

"ఏ మనిషైనా పరవాలేదు. తాగుడు మాన్పించుకోవచ్చు. మీ తాతకి మాన్పించలేదూ?"

బాబాయి హారను కొడుతూ, "మాన్పించాం, మాన్పించాం" అన్నాడు. నేను మూడోసారి నోరు తెరిచి అమ్మ మొహం చూశాను. పౌడరు ఒక చెంపకే ఎక్కువ పడింది, కళ్ళు మిలమిలలాడుతున్నాయి, ఒళ్ళో దుప్పట్లను ఊరికే నిమురుతోంది. చెప్పబుద్ధి కాలేదు. జాలిపడి ఊరుకున్నానని చెప్పుకోవచ్చు గాని, నిజానికి ఆ నిమిషాన నాకు జాలికన్నా సరదాయే ఎక్కువగా ఉంది. తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

షాపులో చిలకలు మమ్మల్ని చూసి ఈలలు వేశాయి. వెనక గది తలుపు తోసుకుని వెళ్ళాం. మసక చీకటి. ఊడిన కిటికీ దగ్గర అక్క స్టూలెక్కి, ఒక అట్టపెట్టెను విప్పి రెండు చేతులతో కిటికీకి అదిమిపట్టి నిలబడి ఉంది. వదిలితే వెలుతురు లోపల పడుతుంది. మావైపు వీపే ఉంది. "దుప్పట్లు తెచ్చావా? ఇలా తే. గట్టిగా మాట్లాడకు, ఇప్పుడే తొట్టెలోకి దించాను, కాస్త నిలదొక్కుకుంటున్నాడు" అంది తిరక్కుండానే.

కాని అమ్మ చూపు అక్క మీద లేదు. నేల మీద, కింది వరస తొట్టె ముందు, ఒక మనిషి పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. చెంప నేలకు ఆన్చి, కళ్ళు మాత్రం కదుపుతున్నాడు. అక్షరాలా ఫోనులో చెప్పినట్టే! పళ్ళ డాక్టరు ఆయన. తన చేపను చూసుకోవాలంటే ఆ ఎత్తులో అంతకన్నా దారిలేదు. గట్టిగా మాట్లాడనని, కదలనని ఒట్టేశాకే అక్క లోపలికి రానిచ్చిందట.

అమ్మ మెల్లిగా ఆయన పక్కన కూర్చుని, వంగి మొహం దగ్గర వాసన చూసింది. "పుదీనా వాసనొస్తోందే" అని నాతో గుసగుసగా అంది. తర్వాత కొత్త దుప్పటి మడత విప్పి ఆయన మీద కప్పింది.

"థాంక్సండీ" అన్నాడు డాక్టరు, అయోమయంగా.

"లేవగలవా నాయనా?" అని అడిగింది అమ్మ, మోటారు గుర్రులో అక్కకు వినపడనంత మెల్లగా.

"లేవగలనండీ. ఆవిడ కదలొద్దన్నారు."

అమ్మ నావైపు చూసింది. అప్పుడే మాట వింటున్నాడు, చూశావా, అని ఆ చూపుకు అర్థం. నేను నోట్లోని తువ్వాలును ఇంకాస్త లోపలికి కుక్కుకున్నాను.

"ఏం చేస్తుంటావు నాయనా?"

"పళ్ళ డాక్టర్నండి."

డాక్టరు అనేసరికి అమ్మకు ఊపిరాడలేదు. గుండె మీద చెయ్యి వేసుకుంది. అయినా కూతురి బతుకు కదా, అడగాల్సింది అడగాలి. "మరి... ఈ అలవాటు ఎప్పట్నుంచి?"

"కాలేజీలో మొదలైందండీ" అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. "మొదట్లో చిన్న తొట్టెతోనే సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంటినిండా అవే. మా ఆవిడ రోజూ మానెయ్యమని గొడవ, నేనే మానలేకపోతున్నా."

"మీ ఆవిడా?" అంది అమ్మ.

అంతవరకు గుమ్మంలో మర్యాదగా నిలబడ్డ బాబాయి అప్పుడు పేలాడు. "పెళ్ళయిందా నీకు!" ఆ కేక చివరి బస్టాపు దాకా వినబడి ఉంటుంది. కేకతోపాటు, వాడి మొహం సరిగ్గా చూద్దామని కాబోలు, గోడ మీదున్న స్విచ్చులన్నీ ఒక్క తోపు తోశాడు. మూడు వరసల తొట్లకున్న లైట్లన్నీ భగ్గుమన్నాయి. కింది తొట్టెలో ఏదో నల్లగా మెరిసి, గిర్రున తిరిగి, ఇసుకలోకి దూకింది. ఇసుక పొగలా లేచి మెల్లగా సర్దుకుంది. తొట్టె ఖాళీ.

అక్క స్టూలు దిగింది, అట్టపెట్టె కిందపడింది. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. తను నేరుగా స్విచ్చుల దగ్గరికి వెళ్ళింది. లైట్లు ఆర్పింది. దుప్పట్లు రెండూ లాక్కుని, కిటికీ చట్రంలో పొడుచుకొచ్చిన మేకులకు చప్పుడు కాకుండా గుచ్చేసింది. చుట్టాల దుప్పట్లలోకి మేకులు దిగుతుంటే అమ్మ నోరు తెరిచింది, ఎందుకో మళ్ళీ మూసుకుంది. తర్వాత అక్క తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకను చూస్తూ ఉండిపోయింది.

నేనే గబగబా అందరికీ చెప్పాను. పెళ్ళికొడుకంటే చేప. చుక్కలంటే నీళ్ళు. ఈయన కొన్నవాడు. ఈ చేప పోతే గది పోతుంది. వింటూ వింటూ బాబాయి తన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు, అవే మళ్ళీ ఏ స్విచ్చయినా నొక్కేస్తాయేమోనని. డాక్టరుకు తన తాగుడు సంగతి అప్పుడే అర్థమై, "అయ్యో, నేను టీ కూడా తాగనండీ, పళ్ళకి మరకలు" అన్నాడు.

"బతికే ఉందా?" అని అడిగాను అక్కను.

"తెలీదు. భయపడితే ఇసుకలో దూరతాడు. చావొచ్చినా దూరతాడు." తొట్టెలో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "తవ్వి చూస్తే కచ్చితంగా చస్తాడు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే, సరిగ్గా అప్పుడు ఓనరు వచ్చాడు. చీకట్లో తడుముకుంటూ, మా అందరి కాళ్ళూ తొక్కుకుంటూ తొట్టె దాకా వచ్చి వంగి చూశాడు.

"ఏదమ్మా చేప?"

"ఇసుకలో ఉన్నాడు సార్."

"ఇసుకలో... అంటే పోయినట్టే కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు, అదే మరీ బాధగా ఉంది. "నేను నిన్నేమీ అనటం లేదు. కానీ ఇక చాలు. బిస్కెట్లాయనకి ఫోను చేసేస్తాను."

  దానికి బదులిచ్చింది అమ్మ. ఇన్నేళ్ళూ ఆ చేపలకు శాపనార్థాలు పెట్టిన మా అమ్మ లేచి, ఆ చీకట్లో ఓనరుకు ఎదురుగా నిలబడింది.

"చూడండి బాబూ. నా కూతురు ఎంత మంచి పెళ్ళికొడుకొచ్చినా పది నిమిషాలు కుదురుగా కూర్చున్నది లేదు. ఆ ఎర్రలైటు దగ్గర కూడా ఆగదది. అలాంటిది ఇక్కడ ఆగమంటోందంటే, ఆగాల్సిన సంగతేదో ఉంది. కూర్చోండి."

"ఎక్కడ కూర్చోనమ్మా?"

"బకెట్టు బోర్లించుకోండి."

ఓనరు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. మేమంతా కూర్చున్నాం. మా ఇంట్లో నలుగురం చేరి నోరు మూసుకున్న సందర్భం అంతకుముందు ఒకటి కూడా లేదు. మా వాళ్ళు నిద్రలో కూడా మాట్లాడతారు. అలాంటివాళ్ళం బుడబుడ చప్పుడు వింటూ, ఖాళీ ఇసుకను చూస్తూ కూర్చున్నాం. నా తడి జుట్టులోంచి నీళ్ళు మెడలోకి కారుతున్నాయి. బాబాయికి దగ్గొచ్చింది. దగ్గితే కొంప మునుగుతుందని ఆయనకు తెలుసు. చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఊగిపోతూ ఎలాగో మింగేశాడు. మింగాక విజయం సాధించినవాడిలా నావైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. నా తువ్వాలు డాక్టరుక్కూడా కావాల్సి వచ్చింది, చెరో కొసా కొరుక్కున్నాం.

ఎంతసేపైందో నాకు తెలియదు. దుప్పటి అంచులోంచి నేలమీద పడే సన్నటి వెలుగు గీత మాత్రం గోడ దాకా జరిగింది, మా కళ్ళు ఆ మసకకు అలవాటుపడ్డాయి. అమ్మ పాక్కుంటూ వెళ్ళి అక్క పక్కన చతికిలబడింది.

"ఏం తింటాడే?" అని అడిగింది, పెదవులతోనే.

అక్క తల తిప్పి అమ్మను చూసింది. చేపల గురించి అమ్మ అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. "రాళ్ళ మీద ఉండే చిన్నచిన్న పురుగులమ్మా. కంటికి కనపడనంత..."

"మరి మనం ఉప్పు ఎంత వేస్తున్నాం, సరిపోతుందా? చప్పగా ఉండదు కదా?"

మనం అంది అమ్మ. అక్క ఓపికగా చెప్పింది. సంచిలో ఉప్పు ఎంత ఉందో, తొట్టెలో ఎంత ఉంచిందో, ముడి ఎప్పుడు బిగించిందో, ఎప్పుడు వదులు చేసిందో. అమ్మ మధ్యమధ్యలో అడ్డం పడుతున్నా విసుక్కోలేదు. ఆ ఇద్దరూ అంతసేపు పోట్లాడకుండా మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు.  చేప బతక్కపోతే ఏమైపోతుంది మా అక్క అనుకున్నాను. గొలుసులు అమ్ముతుందా? ఈ మనిషి, ముందు కౌంటర్లో, బేరాలాడే జనంతోనా? వారం తిరక్కుండా ఎవరినో ఒకరిని ఆ గొలుసుతోనే కట్టేస్తుంది.

"కదిలింది" అన్నాడు డాక్టరు.

ఏమీ కదల్లేదు. డాక్టరు తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకున్నాడు. తర్వాత నిజంగానే కదిలింది. ఒక మూల ఇసుక కాస్త ఉబ్బింది, ఆగింది, పగిలింది. అందులోంచి రెండు కళ్ళు బయటపడ్డాయి. కళ్ళంటే కళ్ళే, ఇంకేమీ లేవు. అవి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాయి. బాబాయి దగ్గర ఎక్కువసేపు ఆగాయని నా అనుమానం.  ఓనరు బకెట్టు మీంచి ముందుకు ముందుకు ఒరిగి మోకాళ్ళ మీద నేలకు వచ్చేశాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు.

అప్పుడు వచ్చాడండీ పెళ్ళికొడుకు! ఇసుక దులుపుకుంటూ, వేలెడంత ఒళ్ళు, నల్లటి ఒంటినిండా తెల్లటి చుక్కలు, వెనక నిమ్మపండు రంగు తోక. ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నాడు. తొట్టె ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఈది, ఇల్లు చూసుకునేవాడిలా రాతి చుట్టూ తిరిగాడు. ఆగాడు. ఒక కన్ను తిప్పి రాతిని పరీక్షగా చూసి, టక్కున ఒక్క కొరుకు కొరికాడు.

"తిన్నాడు" అంది అక్క. "అమ్మా, తిన్నాడే. తింటే బతికేసినట్టేనే!"

అని, భోరుమంది. మా అక్క ఏడవడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. అమ్మ చటుక్కున తన అరచేత్తో అక్క నోరు మూసేసింది. "గట్టిగా ఏడవకే, వాడు మళ్ళీ దూరతాడు" అంది, తనూ ఏడుస్తూనే. డాక్టరు తువ్వాలు మొత్తం లాక్కున్నాడు. బాబాయి చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టాడు, అరచేతులు తగలకుండా గాలిలోనే. అది చూసి ఏడుస్తున్న అక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు అమ్మ అరచేతిలోనే బుస్సుమంది. అంతే, అందరికీ అంటుకుంది. ఆరుగురం ఆ తడినేల మీద పొట్టలు పట్టుకుని, ఒక్క కిచకిచ కూడా బయటికి రాకుండా, పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాం. పెళ్ళికొడుకు మమ్మల్ని పట్టించుకోకుండా రెండో కొరుకు కొరికాడు.

ఓనరు జేబులో ఫోను గుర్రుమంది. ఆయన కంగారుగా దాన్ని చొక్కాలోకి దాచుకుని, ఆ వెలుతురు తొట్టె మీద పడకుండా మోకాళ్ళ మీదే గోడవైపు తిరిగాడు. అవతల బిస్కెట్ల ఏజెంటు. గది వస్తుందన్న నమ్మకంతో లారీ ముందే బయల్దేరదీశాడట, గది ఎప్పుడు ఖాళీ అవుతుందని అడుగుతున్నాడు. అక్క నవ్వు ఆగిపోయింది. అమ్మ చెయ్యి అక్క నోటి మీదే ఉండిపోయింది.

"గది లేదయ్యా" అన్నాడు ఓనరు గుసగుసగా. "లేదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ ఖాళీ అవదు, లారీ వెనక్కి తిప్పించు. ఏంటీ? వినపడట్లేదా? ఇంతకన్నా గట్టిగా మాట్లాడితే వీళ్ళు నన్ను బయటికి గెంటేస్తారయ్యా."